అడగడం సరే, తేల్చేదెవరు?

2022 జూన్‌లో బాసర ట్రిపుల్ ఐటీ విద్యార్థులు వేల మంది ప్రధాన ద్వారం దగ్గర బైఠాయించారు. వాన పడ్డా లేవలేదు. దాదాపు వారం రోజులు అలాగే కూర్చున్నారు. వాళ్ల చేతిలో పన్నెండు డిమాండ్ల చిట్టా ఉంది. ముఖ్యమంత్రి రావాలి, రెగ్యులర్ వైస్ ఛాన్సలర్‌ను నియమించాలి అనే పెద్ద కోరికల పక్కనే మెస్ భోజనం బాగుపడాలి, లాప్‌టాప్‌లు, యూనిఫాంలు ఇవ్వాలి, చాలినంత మంది అధ్యాపకులు కావాలి అనేవీ ఉన్నాయి. చివరికి విద్యాశాఖ మంత్రి రాత్రిపూట క్యాంపస్‌కు వచ్చి హామీ ఇచ్చాకే ఆందోళన విరమించారు.

క్రమశిక్షణతో, ఎక్కడా హద్దు దాటకుండా సాగిన ఉద్యమం అది. రాష్ట్రమంతా మెచ్చుకుంది. కానీ పప్పు నీళ్లలా ఉందని చెప్పుకోవడానికి మంత్రి దాకా వెళ్లాల్సి రావడమేమిటి? వార్డెన్ గదిలో తేలాల్సిన సంగతి సచివాలయానికి ఎక్కిందంటే మధ్యలో మెట్లన్నీ విరిగిపోయాయన్నమాట. మన విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి అడగడానికి దారులు చాలానే ఉన్నాయి. ఆ అడిగినదాన్ని తేల్చే చోటు మాత్రం విద్యార్థి చేతికి అందేంత దగ్గర్లో లేదు. ఈ వ్యాసం ఆ రెండో సంగతి గురించే.

ముందు ఉన్న దారుల్ని చూద్దాం. యూజీసీ 2023లో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కారానికి కొత్త నిబంధనలు తెచ్చింది. ప్రతి సంస్థలో ఒక కమిటీ ఉండాలి. ఫిర్యాదు అందిన పదిహేను పని దినాల్లో అది నివేదిక ఇవ్వాలి. తృప్తి లేకపోతే అంబుడ్స్‌పర్సన్ దగ్గరకు అప్పీలుకు వెళ్లొచ్చు. కాగితం మీద బాగుంది. అయితే ఆ కమిటీలో విద్యార్థి ప్రత్యేక ఆహ్వానితుడు మాత్రమే. అతన్ని కూడా తోటివాళ్లు ఎన్నుకోరు. మార్కులో, ఆటల్లో ప్రతిభో చూసి సంస్థే పెడుతుంది. ఫిర్యాదు అంటే ఏమిటో కూడా నిబంధనల్లోనే రాశారు. సౌకర్యాల విషయానికొస్తే, ప్రాస్పెక్టస్‌లో ఇస్తామన్నవో చట్టప్రకారం ఇవ్వాల్సినవో ఇవ్వకపోతే అది ఫిర్యాదు. ప్రాస్పెక్టస్‌లో రాయని మంచి ఆలోచన ఒకటి విద్యార్థికి తట్టిందనుకోండి, అది ఫిర్యాదు కాదు. దాన్ని ఏ కిటికీ దగ్గర ఇవ్వాలో ఎవరికీ తెలీదు.

ఇక న్యాక్. ఆ సంస్థ కళాశాలల నాణ్యతను మదింపు చేసేటప్పుడు విద్యార్థుల సంతృప్తి సర్వే ఒకటి చేస్తుంది. ఇరవై ప్రశ్నలకు ఎంపికలుంటాయి. ఆఖరి ప్రశ్నలో బోధన బాగుపడటానికి మూడు సూచనలు రాయమంటుంది. పిల్లలు రాస్తారు కూడా. ఆ సూచనలు ఎటు పోయాయో, దేన్ని ఒప్పుకున్నారో, దేన్ని ఎందుకు కాదన్నారో రాసినవాడికి ఎవరూ చెప్పరు. అంతర్గత నాణ్యతా విభాగంలోనూ విద్యార్థికి ఒక కుర్చీ ఉండాలని న్యాక్ అంటుంది. ఆ కుర్చీలో కూర్చునేది ఎక్కువ చోట్ల అధ్యాపకులకు నచ్చిన విద్యార్థే. సూచనల పెట్టెల గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. వాటి తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోవడమే ఒక పరిశోధన.

విద్యార్థి సంఘాల కథ వేరు. తెలుగునాట క్యాంపస్ కోరికలకు నోరు ఇచ్చింది అవే. 1938లో ఉస్మానియా హాస్టళ్లలో వందేమాతరం పాడనివ్వలేదని మొదలైన సమ్మెలో వందల మంది బహిష్కరణకు గురై నాగ్‌పూర్ వెళ్లి చదువుకున్నారు. పీవీ నరసింహారావు వాళ్లలో ఒకరు. ఆ తర్వాతి తరాల్లో సంఘం ఎన్నికలు రాజకీయాలకు బడి అయ్యాయి. వెంకయ్యనాయుడు 1973-74లో ఆంధ్రా యూనివర్సిటీ కళాశాలల విద్యార్థి సంఘం అధ్యక్షుడు. అయితే కత్తులు, హత్యలు కూడా అదే కాలంలో క్యాంపస్‌లలోకి వచ్చాయి. 1980ల చివర్లో ఉమ్మడి రాష్ట్రంలో ఎన్నికలు ఆగిపోయాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఆనాటి నుంచి అవి మళ్లీ గాడిన పడలేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలాంటి కేంద్ర సంస్థల్లో మాత్రం నడుస్తున్నాయి.

2006లో మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం. లింగ్డో కమిటీ నివేదిక ఇచ్చింది. సుప్రీంకోర్టు ఆ ఏడాదే దాన్ని అమలు చేయమంది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. అచ్చు పోస్టర్లు వద్దు, చేత్తో రాసినవే అంటించాలి. హాజరు 75 శాతం ఉండాలి. మొత్తం తంతు పది రోజుల్లో ముగియాలి. ఎన్నికలు పెట్టలేని చోట నామినేషన్ పద్ధతినైనా మధ్యంతరంగా పెట్టమన్నారు. మన రెండు రాష్ట్రాల్లో ఎన్నికలు జరపాలని ప్రతి ప్రభుత్వం రాగానే సంఘాలు అడుగుతాయి. ప్రతి ప్రభుత్వమూ పరిశీలిస్తామంటుంది. నా మటుకు నాకు ఎన్నికలు జరగాలనే ఉంది. కానీ ఎన్నికల గొడవ తేలేదాకా మిగతావన్నీ ఆపుకోవాలన్న వాదన ఒప్పుకోలేను. మనిషిని ఎన్నుకోవడం వేరు, పనిని ఎన్నుకోవడం వేరు. లింగ్డో నివేదిక మొత్తం మొదటి దాని గురించే. రెండో దాన్ని ఏ ప్రభుత్వమూ నిషేధించలేదు.

ఏ పనికి ఎంత డబ్బో విద్యార్థులే ఓటేసి తేల్చుకోవడమే ఆ రెండోది. వాళ్ల చేతికి డబ్బు ఇస్తే ఆగమవుతుందనేవాళ్లు ఒకసారి యూనివర్సిటీ హాస్టల్ మెస్‌లోకి వెళ్లి చూడాలి. డివైడింగ్ సిస్టమ్ అమల్లో ఉన్న చోట లెక్క ఇలా నడుస్తుంది. బోర్డర్లలో నుంచే మెస్ సెక్రటరీలు ఉంటారు. బియ్యం, పప్పు, నూనె ఎంత వచ్చింది, వంటగదికి ఎంత పోయింది అన్నది స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కిస్తారు. కూరగాయల బిల్లులు, గ్యాస్, ఇతర ఖర్చులు కలిపి నెలాఖరున మొత్తం వేస్తారు. అందరూ కలిసి భోంచేసిన రోజుల మీద ఆ మొత్తాన్ని భాగిస్తే రోజు రేటు తేలుతుంది. ఊరెళ్లినవాడికి ఆ రోజులు తగ్గుతాయి. చికెన్, ఎక్స్‌ట్రాలు తిన్నవాడి ఖాతాలో విడిగా పడతాయి. రేటు నోటీసు బోర్డు మీదికి ఎక్కిన సాయంత్రం చూడాలి ఆ హాలును. పోయిన నెలకన్నా నాలుగు రూపాయలు పెరిగితే సెక్రటరీని నిలబెట్టి అడుగుతారు. నూనె డబ్బాలు ఎన్ని, గెస్టులు ఎంతమంది, పెరుగు ఎందుకు మిగిలింది అని ఒక్కొక్కటీ గుచ్చి అడుగుతారు. మెనూ మార్చాలంటే జనరల్ బాడీ మీటింగ్ పెట్టి చేతులెత్తించి లెక్కపెడతారు. తప్పులు జరగవని కాదు, జరుగుతాయి. కానీ తప్పు ఎక్కడ జరిగిందో తిన్నవాడికి తెలుస్తుంది.

నెలకు లక్షల రూపాయల సరుకు నడిపే ఈ పిల్లలకే మెస్ బయట ఒక సిమెంటు బల్ల ఎక్కడ వేయాలో చెప్పే హక్కు లేదు. బల్ల కావాలంటే వినతిపత్రం రాసి ఇన్‌వార్డు ముద్ర వేయించుకోవాలి. ఫైలు ఇంజినీరింగ్ విభాగానికి పోతుంది. ఎస్టిమేటు వేయాలి, నిధుల హెడ్డు వెతకాలి, టెండరు పిలవాలి. ఇవేవీ వద్దని నేననను, ప్రజాధనానికి ఆ కాపలా కావాల్సిందే. కానీ అడిగిన కుర్రాడు పీజీ పూర్తిచేసి వెళ్లిపోయాక కూడా ఆ ఫైలు ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు.

విద్యార్థులే తేల్చుకున్న బయటి అనుభవాల్లో నాకు బాగా నచ్చింది కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానిది. అది కూడా మనలాగే ఆందోళనతోనే మొదలైంది. కొత్త క్యాంపస్ కట్టడం సగంలో ఆగిపోతే 1922లో విద్యార్థులు 56,000 సంతకాలు సేకరించి, వాంకోవర్ వీధుల్లో నడిచి ఆ అసంపూర్తి భవనాల దగ్గరకు వెళ్లారు. ప్రభుత్వం దిగివచ్చి నిధులిచ్చింది. 1925లో తరగతులు కొత్త చోటికి మారాయి. అక్కడితో ఆగలేదు, ఆ సంగతే మనకు ముఖ్యం. వ్యాయామశాల కట్టుకోవడానికి అప్పు చేయాలంటే చట్టపరమైన గుర్తింపు కావాలని విద్యార్థి సంఘం 1928లో సొసైటీగా రిజిస్టరయింది. ఎనభై ఏళ్ల తర్వాత, 2008లో, కొత్త విద్యార్థి భవనం కోసం తమ మీద తామే ఫీజు వేసుకోవాలా అని ఓటేసుకుని ఔనన్నారు. 2015లో భవనం తెరిచారు. ఓటేసినవాళ్లలో ఎక్కువమంది అప్పటికి పట్టాలు పుచ్చుకుని వెళ్లిపోయారు. వెనక వచ్చేవాళ్ల కోసం డబ్బు పెట్టడానికి ఒప్పుకున్నారన్నమాట.

కాలిఫోర్నియాలో 2006లో శాంటా బార్బరా, 2007లో బర్క్‌లీ విద్యార్థులు పర్యావరణ పనుల కోసం చిన్న ఫీజుకు ఓటేశారు. బర్క్‌లీలో అప్పట్లో సెమిస్టర్‌కు ఐదు డాలర్లు. విద్యార్థులే ఎక్కువమంది ఉన్న కమిటీ ప్రతిపాదనలు పిలిచి, దేనికి ఎంత అన్నది తేలుస్తుంది. అక్కడి నిబంధనల్లో ఒక మంచి ముడి ఉంది. విద్యార్థులు ఓటుతో వేసుకున్న ఇలాంటి ఫీజులో కనీసం నాలుగో వంతు పేద విద్యార్థుల సహాయానికి పక్కన పెట్టాలి. ఉన్నవాడు ఓటేసి లేనివాడి నెత్తిన బరువు పెట్టకుండా ఈ కట్టుబాటు.

ఫ్రాన్స్ దీన్ని చట్టంలోకే ఎక్కించింది. 2018 చట్టంతో ప్రతి విద్యార్థీ చేరేటప్పుడు విద్యార్థి జీవిత రుసుము చెల్లించాలి. మొదట 90 యూరోలు, ఇప్పుడు 100 దాటింది. స్కాలర్‌షిప్పు పొందేవాళ్లకు మినహాయింపు. సంస్థకు చేరిన దానిలో కనీసం 30 శాతం విద్యార్థులు తలపెట్టే పనులకూ, వాళ్ల సామాజిక అవసరాలకూ పోవాలి. ఈ డబ్బుతోనే కొన్ని విశ్వవిద్యాలయాలు ప్రతిపాదనలు పిలిచి, ఓటింగ్ పెట్టి, గెలిచినవి కట్టిస్తున్నాయి. పోర్చుగల్ బడి పిల్లల దగ్గరే మొదలుపెట్టింది. 2017 నుంచి ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో తలకు ఒక యూరో చొప్పున, చిన్న బడికైనా 500 యూరోలకు తగ్గకుండా ఇస్తారు. ప్రతిపాదనకు బడిలో కనీసం 5 శాతం మంది మద్దతు ఉండాలి. విద్యార్థి దినోత్సవమైన మార్చి 24 నాటికి ఓటింగ్. మొత్తం చిన్నదే, కానీ అది ముందే చేతిలో ఉంటుంది.

ప్రతిపాదనలు పిలిచి ఓటేసే ఈ పద్ధతికి మూలం బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రి నగరమని అందరూ చెబుతారు. 1989లో అక్కడ వీధి జనం బడ్జెట్‌ను తేల్చడం మొదలుపెట్టారు. మన దగ్గరా 1996లో కేరళ జన ప్రణాళిక, 2006 నుంచి పుణెలో వార్డు పనులకు పౌరుల సూచనలు నడిచాయి. అంటే దేశానికి కొత్త కాదు, క్యాంపస్‌కే కొత్త.

ఓటు ఎలా లెక్కించాలన్న దగ్గర చాలామంది తొందరపడతారు. ఎక్కువ ఓట్లు వచ్చినవాటిని వరుసగా పెట్టి డబ్బు అయిపోయేదాకా ఇచ్చుకుంటూ పోవడం తేలికే. చిక్కు ఎక్కడో ఒక ఊహా కళాశాలతో చూద్దాం. వెయ్యి మంది విద్యార్థులు, పది లక్షల నిధి. బాయ్స్ హాస్టల్‌లో 550 మంది, గర్ల్స్ హాస్టల్‌లో 300, డే స్కాలర్లు 150. అబ్బాయిలు ఆరు లక్షల జిమ్, నాలుగు లక్షలతో చదువుకునే హాలుకు ఏసీలు కావాలన్నారు. అమ్మాయిలు మూడు లక్షల బ్యాడ్మింటన్ కోర్టు అడిగారు. డే స్కాలర్లకు క్యారియర్ విప్పి తినడానికి నీడ లేదు, లక్షన్నరతో షెడ్డు అడిగారు. ఎవరి పనులకు వాళ్లు ఓటేస్తే జిమ్‌కు 550, ఏసీలకు 550. పది లక్షలూ అక్కడే అయిపోయాయి. మిగతా 450 మందికి సున్నా. మరుసటేడు వాళ్లు ఓటింగ్‌కు రారు, రావాల్సిన పనీ లేదు.

దీనికి విరుగుడుగా సమాన వాటాల పద్ధతి అని ఒకటుంది. ఐరోపాలో గణిత, కంప్యూటర్ పరిశోధకులు రూపొందించారు. 2023లో పోలండ్‌లోని వీలిచ్‌కా, స్విట్జర్లాండ్‌లోని ఆరౌ పట్టణాలు తమ ప్రజా బడ్జెట్లకు వాడాయి. మన ఊహా కళాశాలలో అయితే ప్రతి విద్యార్థి పేర వెయ్యి రూపాయల వాటా ఉందనుకోవాలి. ఒక పనికి ఓటేసినవాళ్ల వాటాలు కలిపితే దాని ఖర్చు వెళ్లాలి, అప్పుడే ఆ పని మంజూరు. అబ్బాయిల వాటాలన్నీ కలిపినా ఐదున్నర లక్షలే, జిమ్‌కు చాలవు. ఏసీలకు సరిపోతాయి. అమ్మాయిల మూడు లక్షలు కోర్టుకు సరిగ్గా సరిపోయాయి. డే స్కాలర్ల లక్షన్నర షెడ్డుకు సరిపోయింది. మొత్తం ఎనిమిదిన్నర లక్షలతో మూడు వర్గాలకూ ఒక్కో పని. మిగిలిన లక్షన్నరకు ఇంకో చిన్న పని చూడొచ్చు. మన క్యాంపస్‌లలో హాస్టల్, డే స్కాలర్ తేడానే కాదు, కులం, ప్రాంతం, కోర్సు లెక్కలూ ఉంటాయని తెలిసినవాళ్లెవరైనా ఈ పద్ధతి విలువ ఇట్టే పట్టుకుంటారు. గుంపు పెద్దదైతే తన వాటా తీసుకుంటుంది, అందరి వాటా తీసుకోలేదు.

అయితే అన్నింటినీ ఓటుకు పెట్టకూడదు. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. అమ్మాయిల టాయిలెట్‌లో నీళ్లు, హాస్టల్ దారిలో లైట్లు, తాగునీటి ట్యాంకు శుభ్రం చేయడం, చక్రాల కుర్చీకి ర్యాంపు ఇవి మెజారిటీ దయతో రావాల్సినవి కావు. ర్యాంపు సంగతి 2016 దివ్యాంగుల హక్కుల చట్టమే చెబుతోంది. వీటిని ప్రతిపాదనల జాబితాలో చూస్తే ఆ కళాశాల ఓటింగ్‌ను బాధ్యత దులుపుకోవడానికి వాడుతోందని అర్థం చేసుకోవాలి. జిమ్ గెలిచింది, లైట్లు ఓడిపోయాయి, మేమేం చేస్తాం అనే ప్రిన్సిపాల్ ఎక్కడో ఒకచోట తప్పకుండా పుడతాడు. అందుకే వచ్చిన ప్రతిపాదనల్ని మొదటే రెండుగా విడదీయాలి. మరమ్మతులూ హక్కులూ నేరుగా ఇంజినీరింగ్ విభాగానికి, గడువుతో సహా పోవాలి. కొత్త సౌకర్యాలు మాత్రమే ఓటుకు రావాలి.

డబ్బు ఎక్కడిదంటారు. ఫీజు రీయింబర్స్‌మెంటు బకాయిలు రాక కళాశాలలు జీతాలకే తడుముకుంటున్న రోజులివి, ఆ మాట కాదనలేం. అయినా స్పెషల్ ఫీజు అంటూ ఆటలకు, లైబ్రరీకి, మ్యాగజైన్‌కు విద్యార్థి దగ్గర వసూలు చేసేది ఒకటుంది. దానిలో ఒక చిన్న వంతును వాళ్లకే వదిలితే కొత్తగా రూపాయి వేయక్కర్లేదు. కేంద్రం ఉన్నత విద్యకు నిధులిచ్చే పీఎం ఉష పథకం మెరు విభాగంలో ఉస్మానియాకూ ఆంధ్రా యూనివర్సిటీకీ 100 కోట్ల చొప్పున మంజూరయ్యాయి. ఆమోదించిన ప్రణాళిక దాటి ఆ డబ్బును కదపలేరు, సరే. కానీ ప్రణాళిక తయారయ్యేటప్పుడే ఒక శాతాన్ని విద్యార్థుల ఓటుకు వదిలిపెట్టమని రాసుకుని ఉంటే అది కోటి రూపాయలు. ఇంకో దారి పూర్వ విద్యార్థులు. అమెరికాలో స్థిరపడినవాళ్లు చదువుకున్న చోటికి ఏదైనా చేయాలని వస్తుంటారు. తరగతి గదికి తమ పేరు, శిలాఫలకం, రిబ్బన్ కత్తిరింపు అడుగుతారు. ఇచ్చేవాళ్లకు ఆమాత్రం ముచ్చట ఉంటే తప్పులేదు. మా వంతు ఇచ్చాం, మీకేం కావాలో మీరే తేల్చుకోండి అని ఒక్క బ్యాచ్ అంటే చాలు, మొదటి ఓటింగ్‌కు నిధి సిద్ధం. అలాంటి నిధికి టెండర్ల తలనొప్పీ తక్కువ.

ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో కళాశాల ప్రణాళిక, అభివృద్ధి మండళ్లు ఇప్పటికే ఉన్నాయి. కొత్త కమిటీ పుట్టించక్కర్లేకుండా నిధి చూసుకునే పని వాటికే అప్పగించొచ్చు. ఓటింగ్ నడిపేది మాత్రం విద్యార్థులే కావాలి. జేఎన్‌యూలో సంఘం ఎన్నికలను విద్యార్థుల ఎన్నికల సంఘమే దశాబ్దాలుగా నడుపుతోంది. వాళ్ల రాజకీయాలు నచ్చనివాళ్లు కూడా ఆ లెక్కింపును నమ్ముతారు.

అన్నింటికన్నా తరచుగా దెబ్బతీసేది క్యాలెండరు. ఆగస్టులో తరగతులు మొదలవుతాయి, నవంబరు, డిసెంబరుల్లో సెమిస్టర్ పరీక్షలు, మళ్లీ వేసవికి ఇంకో విడత. ప్రతిపాదనలు సెప్టెంబరులో తీసుకుని, అక్టోబరులో ఇంజినీరు ఎస్టిమేట్లు వేయాలి. ఎస్టిమేటు లేని పనిని ఓటుకు పెట్టడం పిల్లల్ని మోసం చేయడమే. ఎందుకంటే గెలిచాక ఖర్చు రెండింతలైందని చెప్పి అటకెక్కిస్తారు. కాదన్న ప్రతిపాదన ఒక్కోదానికీ ఎందుకు కాదన్నారో రెండు వాక్యాల్లో రాసి నోటీసు బోర్డు మీద పెట్టాలి. చాలా కళాశాలలు మొహం చాటేసేది ఇక్కడే. ఔనని చెప్పడం తేలిక, కాదని సంతకం పెట్టడం కష్టం. జనవరిలో ఓటింగ్ పెట్టి ఫిబ్రవరిలో టెండర్లు పిలిస్తే, హాస్టళ్లు ఖాళీగా ఉండే మే, జూన్ నెలల్లో పని ముగించొచ్చు. ఆఖరి సంవత్సరం వాళ్లు అది చూడకుండానే వెళ్లిపోతారు. ఫస్టియర్లో ప్రతిపాదన ఇచ్చినవాడు మాత్రం సెకండియర్ మొదటి రోజున వచ్చి ఆ షెడ్డు కింద క్యారియర్ విప్పుకోవాలి. కనీసం మొదటి ఏడాదైనా ఓటుకు పెట్టే పనులు అంత చిన్నవిగా, ఒక్క వేసవిలో అయిపోయేవిగా ఉండాలి.